ఫిగర్ స్కేటింగ్‌లో “ఆడపిల్లలా లేదు” అంటే ఏమిటి?

డల్లాస్ అమ్మ

అందరికీ నమస్తే. మా పాపకు పన్నెండేళ్ళు. ఏడో ఏట నుంచి ఇక్కడి రింక్‌లో ఫిగర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. వచ్చే సీజన్‌కి కొత్త ప్రోగ్రామ్, అంటే పాటకు కట్టిన స్కేటింగ్ వరస, తయారు చేయాలి. ఈసారి సంగీతం తనే వెతుక్కుంది. అంతా డ్రమ్స్. వయొలిన్ లేదు, పియానో లేదు. దానికి స్కర్టు వద్దట, నల్ల ప్యాంటు, ఫుల్ హ్యాండ్స్ టాప్ కావాలట. చేతులు మెత్తగా విప్పడం కాకుండా పిడికిళ్ళు బిగించి, మోచేతులు బిర్రుగా పెట్టి ఏవేవో కదలికలు తనే కట్టుకుంది. నాకైతే చూస్తుంటే ఒళ్ళు జలదరించింది.

కోచ్ చూసి, “బాగుంది, కానీ ఆడపిల్లలా లేదు. జడ్జీలకు నచ్చదు” అన్నారు. చాలా మంచి మనిషి, పాపంటే ప్రాణం. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది. ఇంటికొచ్చే దారంతా పాప కారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

నాకు ఈ ఆట గురించి తెలిసింది తక్కువ. రూల్స్‌లో నిజంగా అలా ఉందా? లేక జడ్జీల ఇష్టమా? మార్కులు తగ్గుతాయా? తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కల మాస్టారు

అమ్మా, రూల్ సంగతి ముందు చెప్పేస్తాను. అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య, అంటే ఐఎస్‌యూ, రూల్స్ ప్రకారం అమ్మాయిలు స్కర్టు వేసుకోవచ్చు, ప్యాంటు వేసుకోవచ్చు, మెడ నుంచి మడమ దాకా ఒంటికి అతుక్కుని ఉండే యూనిటార్డ్ కూడా వేసుకోవచ్చు. దుస్తులు మర్యాదగా, ఆటకు తగ్గట్టుగా ఉండాలి, మరీ నాటకాల వేషంలా ఉండకూడదు. సంగీతం స్వభావానికి తగ్గట్టు కుట్టించుకోవచ్చు. హద్దు దాటితే ఒక మార్కు కోత. డ్రెస్సు మీది పూసో ఈకో ఊడి మంచు మీద పడినా ఒక మార్కు పోతుంది. నిజానికి ఇవాళ బట్టల కట్టుబాటు మగపిల్లలకే ఎక్కువ, వాళ్ళు తప్పనిసరిగా ప్యాంటే వేసుకోవాలి.

మీ పాప స్థాయి పోటీలకు స్థానిక నిబంధనలు కూడా ఒకసారి చూసుకోండి. కానీ “ఆడపిల్లలా ఉండాలి” అనే వాక్యం ఐఎస్‌యూ పుస్తకంలో ఇప్పుడు లేదు. కోచ్ గారు చెప్పింది రూల్ కాదు, ఆవిడ అనుభవం. దాన్ని కొట్టిపారేయమని నేను చెప్పను. ఆ అనుభవం ఏ కాలం నాటిదో అడిగి తెలుసుకోండి.

పాత రికార్డులు

మాస్టారు “ఇప్పుడు లేదు” అన్నారు. ఒకప్పుడు ఉంది, అదీ అచ్చులో. డల్లాస్ అమ్మ గారూ, మీ పాప ఒక్కత్తే ఈ మాట పడిందనుకోకండి. నూట ఇరవై ఏళ్ళ కథ ఇది.

1902లో లండన్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. ఆడవాళ్ళు పాల్గొనకూడదని ఎక్కడా రాసి లేదు, ఎందుకంటే ఒక ఆడమనిషి వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఇంగ్లండ్ స్కేటర్ మాడ్జ్ సయర్స్ పేరు ఇచ్చింది. మగవాళ్ళందరితో పోటీపడి రెండో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం ఉల్రిక్ సాల్కోది, ఇవాళ సాల్కో జంప్ అంటున్నామే, ఆయనే. మరుసటి ఏడాది సమాఖ్య సమావేశంలో ఆడవాళ్ళను పోటీ నుంచి తీసేశారు. చెప్పిన కారణాలు వినండి: పొడవు గౌన్ల వల్ల పాదాలు కనబడవట, జడ్జి తనకు కావలసిన అమ్మాయికి మార్కులు వేస్తాడేమోనట. సయర్స్ గౌను పిక్కల దాకా కత్తిరించుకుని తిరిగింది. 1906లో దావోస్‌లో ఆడవాళ్ళకు విడిగా పోటీ పెట్టారు, ఆ ఏడూ మరుసటేడూ ఆమే గెలిచింది. 1908 ఒలింపిక్స్ స్వర్ణమూ ఆమెదే.

1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో అమెరికా అమ్మాయి తెరెసా వెల్డ్ సాల్కో జంప్ చేసింది. స్కర్టు మోకాళ్ళ దాకా లేచింది, ఇది స్త్రీకి తగని పని అని జడ్జీలు మందలించారు. కాంస్యం గెలిచిన మనిషిని!

ఇక మీ పాప ప్యాంటుకు నేరుగా సంబంధించిన సంగతి 1988 కాల్గరీ ఒలింపిక్స్‌ది. 1986 ప్రపంచ విజేత డెబీ థామస్, స్టాన్‌ఫర్డ్‌లో చదువుతూ స్కేటింగ్ చేసిన నల్లజాతి అమ్మాయి, షార్ట్ ప్రోగ్రామ్‌కి (పోటీలో మొదటి, చిన్న భాగం) మెరుపుల నల్ల యూనిటార్డ్ వేసుకుంది. అదే సీజన్‌లో తూర్పు జర్మనీ కటరీనా విట్ తుంటి దగ్గర ఈకలే తప్ప స్కర్టు లేని నీలం డ్రెస్సు వేసుకుంది. ఆ తర్వాత వెంటనే రూల్ వచ్చింది: ఆడవాళ్ళు తుంటిని కప్పే స్కర్టు వేసుకోవాల్సిందే. జనం దానికి కటరీనా రూల్ అని పేరు పెట్టారు. కానీ కాళ్ళు మొత్తం కప్పుకున్న డెబీ డ్రెస్సు కూడా ఆ దెబ్బతోనే పోయింది. ఒకరిది మరీ తక్కువ గుడ్డ, ఇంకొకరిది నిండా గుడ్డ, ఇద్దరికీ ఒకటే శిక్ష. కాబట్టి గొడవ ఒళ్ళు కనబడటం గురించి కాదు. ఆడది ఆడదానిలా కనబడాలన్నదాని గురించి. ఆ రూల్ 2004 దాకా ఉంది.

మీ కోచ్ గారు తన చిన్నతనంలో పోటీల్లో పాల్గొని ఉంటే ఆ పదహారేళ్ళలోనే పెరిగి ఉంటారు.

వెండిమువ్వ

చరిత్ర బాగుంది అన్నా, కానీ నా మాట వేరు. ఈ మధ్య ఎక్కడ చూసినా లాలిత్యం అంటే ఎవరో ఆడవాళ్ళ నెత్తిన రుద్దిన బరువు అన్నట్టు మాట్లాడుతున్నారు. నాకు అది బాధగా ఉంటుంది. 1972 సప్పోరో ఒలింపిక్స్‌లో అమెరికా అమ్మాయి జానెట్ లిన్ స్పిన్ చేస్తూ పడిపోయి, నవ్వుతూ లేచి కాంస్యం గెలిచింది. జపాన్ దేశమంతా ఆమెను గుండెల్లో పెట్టుకుంది. అమెరికా స్కేటర్ మిషెల్ క్వాన్ స్పైరల్, ఒక కాలు వెనక్కి ఎత్తి చేతులు చాచి రింక్ ఈ చివరి నుంచి ఆ చివరికి జారుతూ వెళ్ళేది, దాన్ని చూసి నేను ఈ ఆటను ప్రేమించాను. ఒక చేతిని భుజం నుంచి వేలి కొస దాకా మెత్తగా విప్పడానికి ఏళ్ళు పడుతుంది. అది బలహీనత కాదు, కష్టపడి సంపాదించిన నేర్పు.

ప్యాంటు వేసుకుని, చేతులు విసిరేసి, మధ్యలో అడుగుల పని ఏమీ లేకుండా “కొత్తగా ఉంది కదా” అంటే నేను ఒప్పుకోను. పాప చేసేది ఎలా ఉందో నేను చూడలేదు, పాపను అనడం లేదు. సంప్రదాయంగా చేసేవాళ్ళందరూ పాతకాలం బొమ్మలు అన్నట్టు మాత్రం మాట్లాడకండి.

మంచు మీద సూర్య

వెండిమువ్వ గారూ, లాలిత్యం గొప్పదే. మరి లాలిత్యం ఎవరిలో చూస్తారు, ఎవరిలో చూడరు అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు?

నా పేరు చూస్తే ఎవరి గురించి మాట్లాడబోతున్నానో తెలిసిపోతుంది. ఫ్రాన్స్ అమ్మాయి సూర్యా బొనాలీ. చిన్నప్పుడు పేరు వినగానే మనవాళ్ళమ్మాయి అనుకున్నాను. 1991 నుంచి 1995 దాకా వరసగా ఐదుసార్లు యూరప్ విజేత. ప్రపంచ పోటీల్లో 1993, 1994, 1995, మూడుసార్లూ రెండో స్థానమే. ఆమె గురించి రాసిన ప్రతిచోటా ఒకే మాట: బలం ఉంది, జంప్‌లు ఉన్నాయి, సొగసు లేదు. జిమ్నాస్టిక్స్ నుంచి వచ్చిన నల్లపిల్ల. కండ కనబడే కాళ్ళు. తెల్లగా, సన్నగా, మంచుబొమ్మలా ఉండే రాకుమారి అచ్చులో ఆమె ఎలా ఇముడుతుంది?

1994లో జపాన్‌లోని చిబాలో జరిగిన ప్రపంచ పోటీల్లో ఐదుగురు జడ్జీలు జపాన్ అమ్మాయి యుకా సాటో వైపు, నలుగురు బొనాలీ వైపు. సాటో అడుగులు నిజంగా అద్భుతం, ఆమె గెలుపును నేను తక్కువ చేయను. కానీ బొనాలీ పతకాల వేదిక ఎక్కడానికి ఒప్పుకోలేదు, పక్కన నిలబడింది, తర్వాత మెడలో వేసిన వెండి పతకం తీసేసి ఏడ్చింది. జనం ఈలలు వేశారు. క్రీడాస్ఫూర్తి లేదన్నారు. ఆ ఏడుపు వెనక ఎన్నేళ్ళ మాటలు ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

1998 నాగానో ఒలింపిక్స్‌లో, గాయంతో ఉన్న ఒంటితో, పతకం రాదని తెలిశాక గాలిలో వెనక్కి పల్టీ కొట్టి ఒంటికాలి మీద దిగింది. ఆ పల్టీ అప్పటికి ఇరవై ఏళ్ళుగా నిషేధం. 1976 ఒలింపిక్స్‌లో టెర్రీ కుబికా అనే అబ్బాయి చేశాక నిషేధించారు. బొనాలీకి పదో స్థానం వచ్చింది. 2024లో ఆ నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు మగపిల్లలు పల్టీ కొడితే స్టేడియం ఊగిపోతోంది. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

వెండిమువ్వ

సూర్య గారూ, బొనాలీ విషయంలో మీరు చెప్పింది నేను కాదనలేను. ఆమెకు మార్కులు ఎందుకు తగ్గాయన్నదాంట్లో స్కేట్ అంచుల పని, అంటే బ్లేడు అంచు మీద ఒరిగి జారే నేర్పు, కూడా ఉంది, అది వేరే చర్చ. కానీ “సొగసు లేదు” అన్న మాట అంత తేలిగ్గా ఆమెకు అంటుకోవడంలో రంగు లేదని నేను అనను.

కూచిపూడి అక్క

నేను స్కేటింగ్ మనిషిని కాదు. మా అబ్బాయి చూస్తుంటే పక్కన కూర్చుని అలవాటైంది. పదేళ్ళ వయసు నుంచి కూచిపూడి నేర్చుకున్నదాన్ని, ఇప్పుడు నేర్పుతున్నదాన్ని, నాకు తోచింది చెబుతాను.

మన దగ్గర సత్యభామ పాత్రకు తలమానికం ఎవరంటే వేదాంతం సత్యనారాయణ శర్మ గారు. మగవారు. తెర మీదుగా జడ విసిరి ప్రవేశిస్తుంటే ఆడవాళ్ళే ఆయన్ని చూసి నడక నేర్చుకునేవారని మా గురువుగారు చెప్పేవారు. కూచిపూడిలో తరతరాలుగా ఆడవేషాలు మగవాళ్ళే కట్టారు, ఆడపిల్లలు గజ్జె కట్టింది తర్వాత. అంటే ఆడతనం కూడా ఆహార్యం (వేషం), ఆంగికం (ఒంటి కదలిక), సాధన. పుట్టుకతో ఒంట్లో ఉండేది కాదు. కట్టుకోవచ్చు, విప్పి పక్కన పెట్టుకోవచ్చు.

ఇంకో సంగతి. ఆ సత్యభామ తలవంచుకుని నిలబడే మనిషా? కాదు. పొగరు, కోపం, ప్రేమ, పంతం అన్నీ ఉన్న మనిషి. ఆ జడ విసరడమే ఒక సవాలు. మనవాళ్ళు దాన్ని ఆడతనం కాదని ఎన్నడూ అనలేదు. మరి ఆ చిన్నపిల్ల పిడికిలి బిగిస్తే ఆడతనం ఎలా పోతుంది?

వెండిమువ్వ అన్న మాటలో నిజం ఉందమ్మా. తాండవం చేసినా లయ తప్పకూడదు, అరమండి, అంటే మోకాళ్ళు వంచి నిలబడే భంగిమ, జారకూడదు. మెత్తగా చేసినా గట్టిగా చేసినా గీత గీతే. డల్లాస్ అమ్మా, పాప పిడికిలి బిగించినప్పుడు భుజం పైకి లేస్తోందేమో చూడు. లేస్తుంటే దిద్దుకోమను. దిద్దుకోవాల్సింది అక్కడ.

తెల్లవారుజాము లైవ్

హైదరాబాద్ నుంచి అలారం పెట్టుకుని పోటీలు చూసేవాణ్ణి. ఇంతమంది మనవాళ్ళు ఈ ఆట చూస్తారని తెలిసి సంతోషంగా ఉంది.

అక్కా, కోచ్ గారికి జపాన్ స్కేటర్ కవోరి సకమోటోను చూపించండి. 2022, 2023, 2024, వరసగా మూడుసార్లు ప్రపంచ విజేత. ఆడవాళ్ళలో అలా మూడేళ్ళు వరసగా గెలవడం 1966-68లో పెగ్గీ ఫ్లెమింగ్ తర్వాత ఇదే. ఆమెకు ట్రిపుల్ ఆక్సెల్ (ముందుకు ఎగిరి గాలిలో మూడున్నర చుట్లు తిరిగే జంప్) లేదు, క్వాడ్ (నాలుగు చుట్ల జంప్) లేదు. ఉన్నదల్లా వేగం. రింక్‌లో గాలి వీచినట్టు వస్తుంది, ఆ వేగంతోనే జంప్ ఎత్తుకుంటుంది. ఆమె ‘మ్యాట్రిక్స్’ సినిమా ప్రోగ్రామ్ చూస్తే మీ పాప ఎగిరి గంతేస్తుంది: నల్ల డ్రెస్సు, తూటాలు తప్పించుకుంటున్నట్టు కదలికలు, రాకుమారి ఛాయ ఎక్కడా లేదు. బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన ఫ్రీ స్కేట్ (పోటీలో రెండో, పొడవు భాగం) అయితే ఆడవాళ్ళ స్వేచ్ఛ గురించే, మధ్యలో ఒక స్త్రీ గొంతులో మాటలు వినబడతాయి. రెండూ కట్టింది ఫ్రెంచ్ కొరియోగ్రాఫర్ బెన్వా రిషోనే. మొదట్లో ఆ శైలి చూసి మొహం చిట్లించినవాళ్ళు నాకు తెలుసు. ఆ శైలితోనే కాంపోనెంట్ మార్కుల్లో, అంటే జంప్‌ల లెక్క కాకుండా మొత్తం ప్రోగ్రామ్ నాణ్యతకు ఇచ్చే మార్కుల్లో, ప్రపంచంలో ముందు వరుసలో నిలబడింది.

ప్యాంటు సంగతికొస్తే, 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ స్కేటర్ మే బెరెనీస్ మెయితే బియాన్సే పాటలకు యూనిటార్డ్‌లో స్కేట్ చేసింది. ఆకాశం ఏమీ విరిగిపడలేదు.

ఇంకా అలీసా లియు. పదమూడేళ్ళకే అమెరికా విజేత, పదహారేళ్ళకు విసిగిపోయి ఆట మానేసింది. రెండేళ్ళ తర్వాత తిరిగొచ్చింది, ఈసారి పాట, డ్రెస్సు, జుట్టు అన్నీ తన ఇష్టం. జుట్టుకు చారలు, నవ్వితే పై పెదవి లోపలి నుంచి మెరిసే పోగు. 2025 బోస్టన్‌లో డిస్కో కాలం డోనా సమ్మర్ పాటకు స్కేట్ చేసి ప్రపంచ విజేత అయింది. ఆ చివరి నిమిషం నేను నిలబడి చూశాను, ఇంట్లోవాళ్ళు నిద్రలేచారు.

లెక్కల మాస్టారు

మార్కులు తగ్గుతాయా అన్న అసలు ప్రశ్నకు సగమే జవాబిచ్చాను. మిగతా సగం ఇది.

ఇప్పుడు కాంపోనెంట్లు మూడు: కంపోజిషన్, ప్రెజెంటేషన్, స్కేటింగ్ స్కిల్స్. ఒక్కోదానికి పది మార్కులు. వీటిలో వేటికీ స్త్రీత్వంతో సంబంధం లేదు. ప్రోగ్రామ్ అల్లిక, సంగీతంతో కలిసిపోవడం, మంచు మీద అంచుల పట్టు, వేగం, ఇవే చూడాలి. సంగీతం డ్రమ్స్ అయితే డ్రమ్స్‌తో కలిసిపోయిందా లేదా అన్నదే ప్రశ్న. డ్రమ్స్ పెట్టుకుని వీణ వాయిస్తున్నట్టు చేతులు తిప్పితేనే మార్కులు తగ్గాలి.

కానీ పాత చూపు ఇంకా కొన్నిచోట్ల మిగిలి ఉంది. ఈ కాంపోనెంట్లను గుణించే అంకె ఫ్రీ స్కేట్‌లో మగవాళ్ళకు 3.33, ఆడవాళ్ళకు 2.67. అంటే మగవాళ్ళకు గరిష్ఠంగా వంద, ఆడవాళ్ళకు ఎనభై. టెక్నికల్ మార్కులతో తూకం కుదరాలని పెట్టిన లెక్క, పక్షపాతంతో పెట్టింది కాదు. అయినా అదే పది మార్కులు తెచ్చుకున్న ఇద్దరికి వేరువేరు ఫలితం రావడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. షార్ట్ ప్రోగ్రామ్‌లో మగవాళ్ళు క్వాడ్ చేయొచ్చు, ఆడవాళ్ళు చేయకూడదు. బీజింగ్‌లో రష్యా అమ్మాయి అలెగ్జాండ్రా త్రుసోవా ఫ్రీ స్కేట్‌లో ఐదు క్వాడ్‌లు చేసింది, షార్ట్‌లో ఒక్కటి కూడా చేసే వీలు లేదు. పోటీ పేరు కూడా “లేడీస్” నుంచి “విమెన్” అయింది 2021లోనే.

వెండిమువ్వ

రెండు రోజులుగా ఈ చర్చ నా బుర్రలోనే తిరుగుతోంది. ఒకటి గుర్తొచ్చింది, చెప్పకపోతే నాకే నిద్ర పట్టదు.

నాకు ప్రాణమైన స్కేటర్ జపాన్ అమ్మాయి మావో అసాడా. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఆమె ఫ్రీ స్కేట్ రష్యా సంగీతకారుడు రహ్మానినోవ్ ‘మాస్కో గంటలు’. బరువైన, చీకటి సంగీతం. ఎరుపు, నలుపు డ్రెస్సు, కోపంతో మండే మొహం. పందొమ్మిదేళ్ళ పిల్లకు ఇదేమిటి, ఆమె తియ్యదనం అంతా పోయింది, తేలికైన సంగీతం ఇవ్వాల్సింది అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఆ పోటీలో ఆమె రెండు ప్రోగ్రాముల్లో కలిపి మూడు ట్రిపుల్ ఆక్సెల్‌లు దిగింది. వెండి వచ్చింది. స్వర్ణం గెలిచిన కొరియా అమ్మాయి యునా కిమ్ ఆ రోజు 228.56తో అందనంత ఎత్తులో ఉంది, ఆ ఫలితం గురించి కాదు నేను చెప్పేది. నిన్న రాత్రి ఆ గంటల ప్రోగ్రామ్ మళ్ళీ చూశాను. ఇప్పుడు ఆమె ప్రోగ్రాముల్లో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించింది అదే. అప్పుడు నేను వెతికింది సంగీతంలో అసాడాను కాదు, నా మనసులో ఉన్న అసాడాను.

పాత రికార్డులు

వెండిమువ్వా, మీరు ఇది రాసినందుకు సంతోషం. మీ అభిమాన క్వాన్ కథలోనూ ఇలాంటిది ఉంది. 1995 ప్రపంచ పోటీల్లో పద్నాలుగేళ్ళ పిల్ల, బాగా చేసింది, నాలుగో స్థానం. మరీ పసిపిల్లలా ఉందని అర్థమై కోచ్ ఫ్రాంక్ క్యారల్, కొరియోగ్రాఫర్ లోరీ నికోల్ కలిసి మరుసటేడు ఆమెను సలోమీగా, బైబిల్ కథలో నాట్యం చేసే రాకుమారిగా, మార్చారు. ముడి, కాటుక, లిప్‌స్టిక్. ప్రపంచ విజేత అయిపోయింది. పదిహేనేళ్ళ పిల్లకు ఆడతనం పూస్తే మార్కులు పెరిగాయి. కూచిపూడి అక్క చెప్పిన ఆహార్యం అంటే ఇదే.

మంచు మీద సూర్య

నాకు ఒక భయం మాత్రం ఉంది, ఇక్కడ చెప్పాలి. ఇప్పుడు “పవర్‌ఫుల్”, “ఫియర్స్” అనేది కూడా కొత్త అచ్చు అయిపోతోంది. సూపర్‌హీరో సంగీతం, నల్ల డ్రెస్సు, చివర్లో కెమెరా వైపు గుర్రుగా చూడటం. నిన్న అందరూ హంసలు, ఇవాళ అందరూ యోధులు. డల్లాస్ అమ్మ గారి పాప ఆ కదలికలు తనే కట్టుకుంది అన్నారే, నన్ను పట్టుకున్నది ఆ మాట. రేపు తనకు తెల్ల గౌను వేసుకుని పియానోకు స్కేట్ చేయాలనిపిస్తే, అప్పుడు కూడా ఎవరూ “అయ్యో, నువ్వు వేరేలా ఉండేదానివే” అనకూడదు.

డల్లాస్ అమ్మ

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఆలస్యంగా రాస్తున్నాను, పోటీలూ స్కూలూ మధ్యలో టైం దొరకలేదు.

ఇక్కడ రాసినవన్నీ పాపకు చదివి వినిపించాను, తనకు తెలుగు చదవడం రాదు, వినడం వచ్చు. మాడ్జ్ సయర్స్ గౌను కత్తిరించుకున్న కథ రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత ఒక రోజు ప్రాక్టీస్ అయ్యాక కోచ్‌ను అడిగాను, మీరు పోటీల్లో ఉన్నప్పుడు ప్యాంటు వేసుకోనిచ్చేవారా అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు, తను కూడా ఒకసారి అడిగిందట, అప్పుడు తన కోచ్ రూల్ పుస్తకం తెరిచి చూపించిందట. ఆ రూల్ పోయిందని తనకు తెలుసు, కానీ ఆ పేజీ కళ్ళ ముందు నుంచి పోలేదు అన్నారు.

ప్రోగ్రామ్ ఉంటుంది. కోచ్ రెండు చోట్ల మార్చారు: కూచిపూడి అక్క చెప్పినట్టే పాప పిడికిలితో పాటు భుజాలు లేస్తున్నాయి, అది సరి చేస్తున్నారు. మధ్యలో అడుగుల వరస కూడా ఖాళీగా ఉందని ఇంకా గట్టిగా కట్టారు, వెండిమువ్వ గారు చూస్తే ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను.

ఇప్పుడు నా సమస్య వేరు. కుట్టించిన ప్యాంటు సిట్ స్పిన్‌లో (కూర్చున్నట్టు వంగి గిర్రున తిరిగేటప్పుడు) మోకాలి దగ్గర పట్టేస్తోంది, అంచు స్కేట్ బ్లేడుకు తగులుతుందేమోనని భయం. ఎలాంటి గుడ్డ తీసుకోవాలి?

తెల్లవారుజాము లైవ్

అక్కా, నిలువుగా అడ్డంగా రెండు వైపులా సాగే గుడ్డ అడగండి, డ్యాన్స్ బట్టలు కుట్టేవాళ్ళకు తెలుస్తుంది. అంచు కింద ఒక ఎలాస్టిక్ పట్టీ వేయించండి, బూటు అడుగున మడమకు ముందు నుంచి పట్టుకుంటుంది, పైకి జారదు, బ్లేడుకు తగలదు.

కూచిపూడి అక్క

మోకాలి దగ్గర గుడ్డ కొంచెం వదులు పెట్టించమ్మా. మేము పైజామాకి అలాగే చేస్తాం. వీడియో పెట్టడం మరిచిపోవద్దు.